వెంచూరి వాళ్లమ్మగారింటి ముఖం మన స్లాబు ఇంటికి నిలుస్తుందా? (విజయనగరం)

తోటపాలెం 30×50 అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. విజయనగరంలో 30×50 అడుగుల స్థలం, ఉత్తరం రోడ్డు. అమ్మ కోసం ఒక్క అంతస్తే. ప్లింత్ బీములు అయిపోయాయి, పిల్లర్లు లేస్తున్నాయి, స్లాబు సెంట్రింగ్ వచ్చే నెల. ఆర్కిటెక్టు రాబర్ట్ వెంచూరి అమెరికాలో వాళ్లమ్మకి కట్టిన ఇల్లుంది కదా, మధ్యలో చీలిన త్రికోణం ముఖంతో? అలాంటిదే ఎలివేషన్‌గా పెట్టించాలని ఉంది. ఇంటి వెడల్పు 24 అడుగులు, వెనకాల మామూలు స్లాబే.

స్లాబు మీద 8 అడుగుల దాకా త్రికోణం గోడ లేపితే గాలికి ఆగుతుందా? తొమ్మిదంగుళాల గోడ పెడితే చాలని మేస్త్రి అంటున్నాడు. ముఖం మీద ఉన్న ఆర్చి గీత సిమెంటుతో చేయించాలా, ధర్మాకోల్ తెచ్చి అతికించాలా? గుమ్మానికి అటూ ఇటూ రెండు డమ్మీ పిల్లర్లు ఉంటే నిండుగా ఉంటుందని కాంట్రాక్టరు పట్టుబడుతున్నాడు. అసలా ఇంటి సంగతి తెలిసినవాళ్లు నాలుగు ముక్కలు చెప్పండి. నా దగ్గర ఉన్నది ఒక్క ఫోటో.

గళ్ల నోటుబుక్:

ఆ ఫోటోలో కనిపించనిదే ఎక్కువ, కాబట్టి ముందు ఇంటి గురించి చెప్తాను.

ఇల్లున్నది ఫిలడెల్ఫియా శివారు చెస్ట్‌నట్ హిల్‌లో. వెంచూరి 1925లో ఫిలడెల్ఫియాలోనే పుట్టాడు. తండ్రిది పళ్ల వ్యాపారం. ప్రిన్స్‌టన్‌లో చదివి, పేరున్న ఆర్కిటెక్టులు సారినెన్ దగ్గరా లూయీ కాన్ దగ్గరా పనిచేసి, మధ్యలో 1954 నుంచి 56 దాకా రోమ్‌లో ఉండి వచ్చాడు. అద్దాల డబ్బాలే ఆర్కిటెక్చర్ అనుకుంటున్న కాలంలో త్రికోణాలూ ఆర్చీలూ గీసే ధైర్యం అక్కడి పాత కట్టడాలు చూశాకే వచ్చింది. తల్లి వానా గారు ఇల్లు కట్టమన్నాక ఒక డిజైన్ మీద ఒకటి గీస్తూ ఏళ్లు గడిపాడు. 1964కి ఇల్లు పూర్తయింది. సుమారు 1,800 చదరపు అడుగులు, అంతే. 1966లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన పుస్తకం వేసింది. ఆ పుస్తకం, ఈ ఇల్లు కలిసే పోస్ట్‌మోడర్న్ (అద్దాల డబ్బాలు వదిలి పాత ఆకారాలతో ఆడుకునే ధోరణి) అన్న మాటకి దారి తీశాయి. ఆ ముద్ర మాత్రం ఆయనకి ఎప్పుడూ నచ్చలేదు.

ఇప్పుడు మీ ఫోటో తీసి కిటికీలు చూడండి. త్రికోణం సమంగా ఉంది, కిటికీలు సమంగా లేవు. ఎడమ పక్క పడగ్గదికి నాలుగు గళ్ల చదరపు కిటికీ, దాని పక్కన బాత్రూంకి ఒక్క గడి. కుడి పక్క వంటగదికి అయిదు గళ్లు వరసగా, రిబ్బన్‌లాగా. అటూ అయిదే, ఇటూ అయిదే, కానీ లోపలి గదికి ఏది అవసరమో ఆ ఆకారంలో. ఈ ఇంటి కిటుకంతా ఇక్కడుంది. మన దగ్గర ఎలివేషన్ గీసేవాళ్లు మొదట చెడగొట్టేదీ దీన్నే. రెండు పక్కలా ఒకే సైజు కిటికీ పెట్టి, బాత్రూంకి కూడా నాలుగడుగుల కిటికీ ఇచ్చి, తర్వాత దానికి స్టిక్కరు అంటిస్తారు.

మధ్య చీలికలోంచి పైన కనిపించే దిమ్మ చూడండి. పొయ్యిగొట్టం అనుకుంటాం, అది పై అంతస్తు గది గోడ. అసలు గొట్టం సన్నంగా, ఓ పక్కకి జరిగి ఉంటుంది. లోపల మెట్లూ పొయ్యీ ఒకే చోటు కోసం పోటీపడతాయి. కింద వెడల్పుగా మొదలైన మెట్లు పొయ్యిగొట్టం దగ్గరకి వచ్చేసరికి ఇరుకైపోతాయి. అది పొరపాటు కాదు, కావాలని చేసినదే.

మీకు పనికొచ్చేది ఏమిటంటే, చీలిక వెనక ఏదో ఒకటి ఉండాలి. ఆకాశం ఒక్కటే కనిపిస్తే గోడ విరిగిపోయినట్టుంటుంది. అక్కడ పై గది గోడ ఉంది, మనకి మెట్లగది ఉంది. మెట్లగదిని ముందుకు జరిపి సరిగ్గా చీలిక వెనకాల నిలపండి. దాని మీదే నీళ్ల ట్యాంకు పెట్టేయొచ్చు. పిట్టగోడ మీదుగా నల్ల సింటెక్సు తల ఎత్తి చూడడం కూడా తప్పుతుంది.

ఇంకో సంగతి. వానా గారు కారు నడపరు కాబట్టి ఆ ఇంటికి కారు షెడ్డే పెట్టలేదు. ఆవిడకి కావలసిన పడగ్గది, బాత్రూం, వంట, హాలు అన్నీ కిందే. పై గది కొడుకుది. ముఖం కంటే ముందు మీరు కాపీ కొట్టాల్సింది ఇదీ.

నాగావళి సివిల్:

గోడ నిలబడే సంగతి నేను చెప్తాను.

గాలి లెక్కలకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరానికి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఒత్తిడి 0.6 × 50 × 50 = 1500 న్యూటన్లు, చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. వెనక ఆసరా లేని ఒంటి గోడకి ఆకారం వల్ల ఇంకా పెరుగుతుంది, 1.2 రెట్లు వేసుకుంటే 180. ఊరి మధ్య ఇళ్ల గుంపులో కొంత తగ్గించుకోవచ్చు. చుట్టూ ఖాళీ ప్లాట్లున్న లేఅవుట్ అయితే తగ్గించొద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. పలాస వైపు వాళ్లకి ఈ లెక్క ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక మేస్త్రిగారి తొమ్మిదంగుళాల గోడ. రెండు మీటర్ల ఎత్తు అనుకోండి. మీటరు నిడివికి గాలి పడదోసే బలం 180 × 2 (ఎత్తు) × 1 (ఎత్తులో సగం) = 360 కిలోగ్రామ్-మీటర్లు. గోడ తన బరువుతో ఆపుకునేది ఎంత? మీటరు నిడివికి బరువు పూతతో కలిపి సుమారు 900 కిలోలు, ఆసరా దూరం గోడ మందంలో సగం, అంటే 11.5 సెంటీమీటర్లు. గుణిస్తే 103. మూడో వంతు కూడా లేదు. ఇటుక మీద ఇటుక పేర్చి ఎంత లావు పెట్టినా ఈ పని కాదు, పైగా ఆ బరువంతా ముందు బీము మోయాలి. గోడ నాలుగున్నర అంగుళాలదే పెట్టండి, బలం ఆర్‌సీసీకి వదిలేయండి.

మీ 24 అడుగులకి ఒక పద్ధతి: గోడ రెండు చివర్లా స్లాబు మీద 3 అడుగులు, శిఖరం దగ్గర 7 లేదా ఏడున్నర, అంతకు మించొద్దు. మధ్యలో చీలిక 2 అడుగులు. ముందు వరస పిల్లర్లు 0, 9, 15, 24 అడుగుల దగ్గర ఉంటే అవే గోడలోకి 9×9 అంగుళాల పొట్టి పిల్లర్లుగా పైకి వెళ్లాలి: 12 మి.మీ. చువ్వలు నాలుగు, 8 మి.మీ. రింగులు 6 అంగుళాలకొకటి. 9 అడుగుల ఖాళీల మధ్య నాలుగున్నర దగ్గర ఇంకోటి బీము మీద నుంచి లేస్తుంది. ఇటుక గోడ సగం ఎత్తులో 3 అంగుళాల కాంక్రీటు పట్టీ, అందులో 8 మి.మీ. చువ్వలు రెండు. ఏటవాలుగా పై అంచు వెంబడి 9×6 అంగుళాల కోపింగ్ బీము, 10 మి.మీ. చువ్వలు నాలుగు. చీలిక అంచు దాకా ఆ బీమునే పిల్లరు దాటి 2 అడుగులు చాపండి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, స్లాబు వేసేటప్పుడు ఈ చువ్వలు వదలరు. ఆర్నెల్లయ్యాక "ఎలివేషన్ పెడదాం" అంటారు, స్లాబు అంచున రెండంగుళాలు చెక్కి చువ్వ నిలబెట్టి సిమెంటు పాలు పోస్తారు. మొదటి పెద్ద గాలికి గోడ మొదట్లో, స్లాబుకి ఆనుకుని, అడ్డంగా గీతలాగా పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి నీళ్లు దిగి హాల్లో ముందు గోడ చెమ్మ పడుతుంది. అందరూ స్లాబు లీకేజీ అనుకుని పైనంతా వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు. రోగం ఒకచోట, మందు ఒకచోట.

బీము మీద నుంచి లేచే పిల్లర్లు గాలికి బీముని మెలితిప్పుతాయి. అందుకని వాటి ఎదురుగా స్లాబు పైవరసలో 10 మి.మీ. చువ్వలు 6 అంగుళాలకొకటి, లోపలికి నాలుగడుగుల దాకా అదనంగా వేయించండి. పైన చెప్పిన మెట్లగది సలహా నాకూ నచ్చింది, దాని పక్కగోడలు ముందు గోడకి కలిస్తే శిఖరానికి వెనక దన్ను దొరుకుతుంది. ఇవన్నీ ఒక అంచనాకే. మీ డ్రాయింగు మీద సంతకం పెట్టిన ఇంజనీరు చేత లెక్క కట్టించి, చువ్వల బొమ్మ గీయించి, ఆ కాగితం మేస్త్రి చేతికివ్వండి.

నీళ్లు: ముందు గోడ ఎత్తయింది కాబట్టి స్లాబు వాలు వెనక్కే, పది అడుగులకి కనీసం ఒక అంగుళంన్నర. గొట్టాలు 4 అంగుళాలవి, రెండు తక్కువ కాకుండా. ఒకటి ఆకులతో మూసుకుపోయినా రెండోది లాగాలి. గోడా స్లాబూ కలిసే మూల సిమెంటుతో గుండ్రంగా నింపాలి.

చంపావతి గట్టు:

అన్నీ బాగానే ఉన్నాయి గాని, మన ఊళ్లో కోట గుమ్మాలున్నాయి, గంట స్తంభం ఉంది, పాత మండువా ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. అవి వదిలి ఫిలడెల్ఫియా దాకా పోవడం దేనికి? ఆ గోడ వెనక ఉన్నది మామూలు స్లాబే కదా, ముఖం ఒక్కటీ తగిలించడం మోసం కాదా?

గళ్ల నోటుబుక్:

మోసం కాదు అన్నదే వెంచూరి వాదన. ఆయన, భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనార్ కలిసి 1968లో యేల్ విద్యార్థులని లాస్ వేగస్ తీసుకెళ్లి అక్కడి బోర్డులు, షాపులు, కారు పార్కింగులు కొలిపించారు. 1972లో అది పుస్తకమైంది. అందులో కట్టడాలని రెండు జాతులుగా విడదీశారు. ఒకటి "బాతు". లాంగ్ ఐలండ్‌లో బాతులు, గుడ్లు అమ్మడానికి బాతు ఆకారంలోనే కట్టిన కాంక్రీటు కొట్టు ఒకటుంది, పేరు అక్కణ్నుంచి వచ్చింది. మనకైతే పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ముందు నడిచే తెల్ల ఏనుగు ఆ జాతి, బండే ఏనుగైపోతుంది. రెండోది "అలంకరించిన షెడ్డు". లోపల పనికొచ్చే మామూలు గది, ముందు మాట్లాడే ముఖం. మూడు లాంతర్ల కూడలి నుంచి గంట స్తంభం వైపు బజారంతా ఇదే జాతి, వెనక స్లాబు, ముందు బోర్డు. షెడ్డు షెడ్డులా ఉండి, ముఖం ముఖంలా ఉంటే తగువు లేదు. ముఖం పోయి తాను బరువు మోస్తున్నట్టు నటిస్తేనే తగువు.

ఇందుకే మీ డమ్మీ పిల్లర్లకి నేను ఒప్పుకోను. లండన్ నేషనల్ గ్యాలరీలో సైన్స్‌బరీ వింగ్ ఈ దంపతులదే, 1991లో తెరిచారు. బయట ముఖం అద్భుతం. పాత భవనానికి దగ్గరగా ఉన్నచోట గోడకి అతికించిన స్తంభాలు గుంపుగా మొదలై, దూరం జరిగే కొద్దీ పలచబడి మాయమవుతాయి. మేం అతికించినవాళ్లమే అని అవే చెప్తుంటాయి. లోపల హాల్లో మాత్రం బరువు మోయని స్తంభాలు కొన్ని పెట్టారు. డబ్బిచ్చిన దాతల్లో ఒకరు జాన్ సైన్స్‌బరీ, ఆయనకి అవి అస్సలు నచ్చలేదు. 1990లో పని జరుగుతుండగానే ఒక ఉత్తరం రాసి, ఆ డొల్ల స్తంభం లోపలే పెట్టించాడు: ఇది దొరికిందంటే మీరు ఈ స్తంభం కూలుస్తున్నారన్నమాట, ఈ దొంగ స్తంభాలు ఆర్కిటెక్టు చేసిన తప్పు, అని దాని సారాంశం. 2023లో మరమ్మతులకి కూలుస్తుంటే ఆ ఉత్తరం బయటపడింది. ఆయన అప్పటికే పోయారు.

మీ గుమ్మం దగ్గర రెండు డమ్మీలంటే ఒక్కోటీ 15 అంగుళాల చొప్పున రెండున్నర అడుగులు దారి తినేస్తాయి. అమ్మగారికి రేపు వాకర్ గానీ చక్రాల కుర్చీ గానీ అవసరమైతే మొదట అడ్డొచ్చేది అవే.

చంపావతి గారూ, మండువా ఇల్లు కట్టగలిగితే నేనూ ముందు దానికే ఓటేస్తాను. 30 అడుగుల వెడల్పులో పక్క ఖాళీలు వదిలాక మధ్యలో మండువా తీస్తే గదులు మిగలవు.

తోటపాలెం 30×50:

నాగావళి గారూ, గళ్ల నోటుబుక్ గారూ, చాలా థాంక్స్. డమ్మీలు మానేశాను. ఇంకా రెండు సందేహాలు. వాకిలి తూర్పుకే ఉండాలని అమ్మ మాట, రోడ్డేమో ఉత్తరం. ప్లింత్ రెండడుగులు ఉంది, ర్యాంపు ఎక్కడ పట్టించాలి? ఆర్చి గీత సంగతి ఎవరైనా చెప్పండి.

పూతపని:

ఆర్చి గీతకి సిమెంటే మేలు. వెంచూరి ఇంటి మీదున్నది సన్నటి చెక్క పట్టీ. మన వానకి చెక్క ఆగదు. 4 అంగుళాల వెడల్పు, ఒక అంగుళం ఉబ్బు చాలు. అంతకు మించి లావు చేస్తే దూలం మీద అట్ట అంటించినట్టుంటుంది.

గోడ రెండో పూత ఆరకముందే, గీత వచ్చే చోటంతా గరుకు చేసి వదలాలి. గీత మధ్యబిందువు దగ్గర చెక్క ముక్కకి మేకు కొట్టి, దానికి పొడుగు బద్ద తగిలించి, బద్ద కొసకి జింకు రేకుతో కోసిన అచ్చు బిగిస్తారు. బద్దని కంపాసులా తిప్పుకుంటూ పోతే గీత ఒకే వంపులో వస్తుంది. చేత్తో కొలుచుకుంటూ పెట్టినది ఎక్కడో ఒకచోట కడుపు తీస్తుంది, కింద నిలబడి చూస్తే తెలిసిపోతుంది. సిమెంటు ఒకటి, జల్లెడ పట్టిన ఇసుక నాలుగు. రెండు విడతల్లో, ఒక్కోసారి 12 మి.మీ. చొప్పున. ఒకేసారి అంగుళం పెడితే బరువుకి జారి, గోడకీ దానికీ మధ్య డొల్ల పడుతుంది. ఆరాక వేలితో కొట్టి చూడండి, డబ్బా మోత వస్తే ఊడగొట్టించి మళ్లీ పెట్టించండి. రంగు పడ్డాక అడిగితే ఎవరూ వినరు.

ఇటుకా పిల్లరూ కలిసే ప్రతిచోటా అడుగు వెడల్పు చికెన్ మెష్ కొట్టాకే పూత. మీ గోడలో ఆరు పొట్టి పిల్లర్లున్నాయి, మెష్ లేకపోతే ఒక్కోదానికీ రెండేసి నిలువు పగుళ్లు ఖాయం. మెష్ జింకు పూత ఉన్నదే తీసుకోండి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మామూలు మేకులకి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి గోధుమరంగు మరకలు దిగుతాయి. ఉప్పు బోరు నీళ్లతో మాలు కలపొద్దు, నీళ్లు పట్టడానికీ వాడొద్దు, తెల్ల పొంగు వస్తుంది. నీళ్లు వారం రోజులు పట్టండి, ఎండాకాలం అయితే తడి గోనెపట్టాలు కప్పండి. రంగు 28 రోజుల తర్వాతే.

ధర్మాకోల్ పట్టీలు చెడ్డవేం కాదు గాని, పైన జాలీ, దాని మీద 2, 3 మి.మీ. పాలిమర్ పూత ఉన్నవే కొనాలి, ఎనిమిది అడుగుల పైనే వాడాలి. కింద వాడితే నిచ్చెన ఆనించిన చోటల్లా గుంట. కోతులున్న పేటల్లో ఎంత ఎత్తున పెట్టినా సుఖం లేదు. థిన్నర్ కలిసిన రంగు గానీ జిగురు గానీ తగిలిందా, లోపలి ధర్మాకోల్ కరిగి ముద్దవుతుంది. జీఆర్‌సీ (గాజు పీచు కలిపిన కాంక్రీటు) అయితే 10, 12 మి.మీ. మందం, స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులు. మీకున్నది ఒక్క గీత, దానికి జీఆర్‌సీ అచ్చు తీయించడం దండగ.

గోడ నెత్తి మరిచిపోకండి. కోపింగ్ రెండు పక్కలా అంగుళంన్నర బయటికి రావాలి, దాని అడుగున అర అంగుళం గాడి తీయాలి. గాడి లేకపోతే నీళ్లు అడుగు అంటుకుని గోడ మీదకి పాకుతాయి, ఏడాది తిరిగేసరికి త్రికోణం రెండు భుజాల కింద నల్ల చారలు. పై తలం కొంచెం వెనక్కి, స్లాబు వైపు వాలాలి.

రంగు పూసిన కాంక్రీటు ముఖాన్ని నమ్ముకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే మైకేల్ గ్రేవ్స్ పోర్ట్‌లాండ్ బిల్డింగ్ ఉంది. ఒరెగాన్‌లో, 1982, 15 అంతస్తులు, పోస్ట్‌మోడర్న్‌కి పోస్టరు లాంటిది. ముఖం అందరికీ గుర్తుండిపోయింది. లోపల పనిచేసేవాళ్లకి చిన్న కిటికీలు, చీకటి, గోడల్లోంచి నీళ్లు. చివరికి 19.5 కోట్ల డాలర్లతో మొత్తం బాగుచేసి, 2020 నాటికి పాత ముఖం మీద కొత్త అల్యూమినియం తొడుగు వేశారు. అక్కడికి మన గాడీ మెష్షూ ఖర్చు ఎంత?

గళ్ల నోటుబుక్:

వాకిలి సంగతి. వెంచూరి ఇంట్లో మధ్యనున్న పెద్ద చదరపు నోరు గుమ్మం కాదు, లోపలికి తోసిన వసారా. అసలు తలుపు దాని పక్కగోడలో ఉంటుంది, రోడ్డు మీంచి ఫోటో తీస్తే సరిగా కనపడదు. మీకు అదే అతుకుతుంది. నాగావళి గారు చెప్పిన 9కీ 15కీ మధ్యనున్న 6 అడుగులు వసారా నోరు, లోతు 5 అడుగులు. దాని పడమటి గోడలో మూడున్నర అడుగుల తలుపు పెడితే అది తూర్పుని చూస్తుంది. అమ్మగారి మాట నెగ్గుతుంది, ముఖం చెడదు. వసారాలో చక్రాల కుర్చీ తిరగడానికి 5×5 చోటు కూడా దొరికింది. తలుపు లోపలికి తెరుచుకోవాలి, గడప అర అంగుళం మించొద్దు.

ర్యాంపు 12కి 1 వాలు. ప్లింత్ 24 అంగుళాలంటే ర్యాంపు పొడవు 24 అడుగులు, ముందు వైపు పట్టదు. తూర్పు పక్క ఖాళీలో గోడ వెంబడి వెనక నుంచి ముందుకు ఎక్కించి వసారాలోకి తిప్పండి. వెడల్పు మూడున్నర అడుగులు, ఒక పక్క పట్టుకోవడానికి ఒకటిన్నర అంగుళాల గొట్టం 2 అడుగుల 9 అంగుళాల ఎత్తున, నేల గరుకు రాయి. టెక్కలి గ్రానైటు వేయించుకుంటే ర్యాంపుకి పాలిష్ చేయనిదే అడగండి, వాన పడితే పాలిష్ రాయి మీద పిల్లలే ఆగలేరు. బాత్రూం తలుపు 3 అడుగులది, లోపలి నేల ఎత్తు తేడా లేకుండా.

ఒక్క మాట ఎవరూ ఎత్తలేదు. ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ 1991లో వెంచూరి ఒక్కడికే ఇచ్చారు, స్కాట్ బ్రౌన్ ఆ సభకే వెళ్లలేదు. 2013లో ఆవిడ పేరూ చేర్చమని వేలమంది సంతకాలు పెట్టినా కమిటీ కాదంది. 2016లో ఏఐఏ (అమెరికా ఆర్కిటెక్టుల సంఘం) స్వర్ణపతకం మాత్రం ఇద్దరికీ కలిపి వచ్చింది. వెంచూరి 2018లో పోయాడు. వెంచూరి వాళ్లమ్మ ఇల్లు స్కాట్ బ్రౌన్‌తో పెళ్లికి ముందుది, కానీ షెడ్డూ బాతూ లెక్క ఇద్దరిదీ.

తోటపాలెం 30×50:

వసారా ఉపాయం అమ్మకి చూపించాను, సరేనంది. స్లాబు ఈ నెలే వేసి, ముందు గోడ దసరా తర్వాత కట్టిస్తే పర్వాలేదా? డబ్బు సర్దుబాటు కావాలి.

నాగావళి సివిల్:

పర్వాలేదు, చువ్వలు ఇప్పుడే వదలండి. పిల్లరు చువ్వలు స్లాబు మీద కనీసం రెండున్నర అడుగులు పైకి ఉండాలి, 12 మి.మీ.కి జాయింటు పొడవు 50 రెట్లు, అంటే రెండడుగులు ఎలాగూ కావాలి. ఆరింటినీ ఒకే ఎత్తున కోయకండి, ఒక్కో పిల్లరులో రెండు పొడుగు, రెండు పొట్టి ఉంచితే జాయింట్లన్నీ ఒకేచోట పడవు. స్లాబు పోసే ముందు రోజు దారం కట్టి ఆరూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోండి. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు వాటినే పట్టుకుని నడుస్తారు, రెండంగుళాలు వంగితే తర్వాత గోడ వంకర, లేకపోతే చువ్వని సుత్తితో మడిచి నాశనం చేస్తారు.

దసరా దాకా వానలో ఉంటాయి కాబట్టి బయటున్న చువ్వలకి చిక్కటి సిమెంటు పాలు రెండుసార్లు పూసి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడగండి. గోడ కట్టే రోజు వైరు బ్రష్‌తో ఆ పూత పూర్తిగా గీకేయాలి. కోపింగ్ బీము పడేదాకా మాత్రం ఇటుక గోడని మూడడుగుల పైకి ఒంటరిగా వదలొద్దు. దసరా తర్వాతంటే తుపాన్ల నెల. గోడ మొదలుపెట్టాక ఒక్క ఊపులో బీము దాకా వెళ్లేలా ఇటుక, సిమెంటు, చువ్వలు ముందే సైటులో దింపించుకోండి.